‘కనబడలేదు’ వేఱు, ‘లేదు’ వేఱు

(మన సంఘము జరపిన విద్యార్థి సత్కార సభలో చేసిన ప్రసంగ పాఠము)



మా వృత్తినిగూర్చి నాలుగు మాటలు చెప్పుడని సంఘమువారు మమ్ములను కోరిరి. మేము విమానములలోని ఎలక్ట్రానిక్ పరికరములను పరీక్షించి మరమ్మతుచేయు టెక్నీషియనులము. ఇచ్చట ‘మేము’ అనుచున్నది గౌరవార్థము కాదు. ఈ పనిలో ఒక్కని చేతిమీదుగా పూర్తియగునది ఏదియు లేదు. ఒకడు విప్పును, మఱియొకడు బిగించును, మూడవవాడు చూచి సంతకము చేయును. కావున బెంగుళూరులో ముప్పది సంవత్సరములు మాతోడ పనిచేసిన వారందఱి పక్షమునను మాటలాడుచున్నాము.

మా బంధువులలో నేటికిని కొందఱు, “మీరు విమానములు నడుపుదురట గదా” అని అడుగుదురు. కాదన్నచో, “అయితే రేడియో రిపేరన్నమాట” అని తేల్చివేయుదురు. రెండవ మాట సత్యమునకు కొంత దగ్గఱ. కాని అంతటితో సరిపోదు. అందుచేతనే ఈ ప్రసంగము.

బెంగుళూరునకు ఈ విద్య క్రొత్తది కాదు. 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ అను పారిశ్రామికుడు మైసూరు ప్రభుత్వపు తోడ్పాటుతో ఇచ్చట విమాన కర్మాగారమును స్థాపించెను. అదియే 1964లో హిందూస్థాన్ ఏరోనాటిక్స్ లిమిటెడ్ అయ్యెను. మన దేశమువారే రూపకల్పన చేసిన హెచ్.టి.-2 శిక్షణ విమానము 1951 ఆగస్టులో ఈ నగరముననే తొలిసారి ఎగిరెను. ఆ సంస్థయొక్క ఏవియానిక్సు విభాగము 1965లో హైదరాబాదున వెలసెను. ఏవియానిక్సు అనగా విమానములోని ఎలక్ట్రానిక్ పరికరములన్నిటికిని కలిపి చెప్పు పేరు. 2008 మే నెలలో ప్రయాణికుల విమానములు పాత విమానాశ్రయమును విడిచి దేవనహళ్లికి తరలినవి. దేవనహళ్లి చుట్టుపట్ల పల్లెలలో తెలుగుమాట నేటికిని వినబడుచునే యున్నది. ఇంటి ముంగిట నున్న పనియే యైనను, దానినిగూర్చి మన యిండ్లలో తెలిసినది మాత్రము స్వల్పము.

పనిని క్లుప్తముగా చెప్పెదము. పెద్ద ప్రయాణికుల విమానములలో సామాన్యముగా 115 వోల్టుల ఏ.సి. విద్యుత్తును, 28 వోల్టుల డి.సి. విద్యుత్తును వాడుదురు. మన యిండ్లలోని ఏ.సి. సెకనుకు 50 ఆవర్తనములు గలది. విమానములోనిది 400 గలది. ఆవర్తనములు హెచ్చినకొలది ట్రాన్స్‌ఫార్మరులను, మోటారులను చిన్నవిగా, తేలికగా చేయవచ్చును. ఆకాశమున ప్రతి శేరు బరువునకును ఇంధనముతో వెల చెల్లింపవలెను గదా.

ఈ విద్యుత్తుతో నడచు పరికరములే మా పాలిటివి. పైలట్లు నేలమీదివారితో మాటలాడు రేడియోలు. నేలకు తరంగములను పంపి, అవి తిరిగివచ్చుటనుబట్టి ఎత్తు తెలుపు రేడియో ఆల్టిమీటరు. నేలమీది రాడారు ప్రశ్నింపగా ‘ఫలానా విమానమును నేను, ఇంత ఎత్తున నున్నాను’ అని బదులు చెప్పు ట్రాన్స్‌పాండరు. ముక్కుభాగమున నుండి ముందటి మేఘములను పరికించు రాడారు. ఆటోపైలటునకు ఆజ్ఞలిచ్చు కంప్యూటరులు. ప్రమాదము జరిగిన పిమ్మట అందఱును వెదకు రికార్డరులు. పత్రికలవారు ఈ రికార్డరును నల్లపెట్టె యందురు గాని, వెదకువారి కంటబడుటకై దానికి నారింజరంగు వేయుదురు.

పని మూడు చోట్ల జరుగును. రెండు ప్రయాణముల నడుమ విమానము నిలిచినచోట చేయునది మొదటిది. అచ్చట గడియారమే యజమాని. హేంగరులో రోజులు, వారములు నిలిపి విప్పి చూచునది రెండవది. విప్పి తెచ్చిన పెట్టెను బల్లమీద తెఱచి, లోపలి కార్డులను పరీక్షించి, వలసినచోట టంకము వేయునది మూడవది. మేము మూడింటను పనిచేసితిమి. మా జీవితములో హెచ్చుభాగము మాత్రము మొదటిచోటనే, అదియు రాత్రివేళలనే గడచినది.

పెట్టెలకన్న మమ్ములను హెచ్చుగా శ్రమపెట్టునవి తీగలు. ఎయిర్‌బస్ ఏ380 విమానములో తీగలన్నిటి నిడివి 500 కిలోమీటర్లకు పైబడును. బెంగుళూరున మొదలుపెట్టి పఱచినచో హైదరాబాదు సమీపమునకు చేరునన్నమాట. మన యిండ్లలోవలె ఎఱ్ఱ, నల్ల, పచ్చ తీగలు కావు. చాలవఱకు తెల్లని తీగలే; ప్రతి తీగపైనను దాని సంఖ్య సన్నని అక్షరములలో ముద్రింపబడియుండును. కట్టను పట్టియుంచు పట్టీ కొంచెము వదులైనచో తీగ పక్కనున్న లోహముతో రాచుకొనును. ఏండ్లు గడచునప్పటికి పైపొర అరిగిపోవును. 1998 సెప్టెంబరు 2వ తేదీన కెనడా తీరమున స్విస్ ఎయిర్‌వారి 111వ నంబరు విమానము కూలి 229 మంది మరణించిరి. తీగవద్ద పుట్టిన విద్యుత్ స్ఫులింగము సమీపమున నున్న ఇన్సులేషను దుప్పటి పైపొరకు నిప్పంటించి యుండునని దర్యాప్తు చేసినవారు నిర్ణయించిరి. అద్దమును, దీపమును పట్టుకొని, చేయి దూరని సందులో తీగకట్టను గంటలకొలది పరికించు పనివానికి ఎవ్వరును చప్పట్లు కొట్టరు. అతని పని సరిగా జరిగినచో చెప్పుకొనదగిన దేదియు జరుగదు.

మఱియొక చిత్రము. మా చేతులే మా పెట్టెలకు శత్రువులు కాగలవు. నైలాను బట్ట విప్పునపుడు చిటపటలాడుట మీరెఱుగుదురు. అట్టి స్థిరవిద్యుత్తు మన చేతికి తగిలినట్లు తెలియవలెనన్న సుమారు 3,000 వోల్టులుండవలెను. సున్నితమైన చిప్పులు కొన్ని 100 వోల్టుల లోపుననే చెడును. వెంటనే పూర్తిగా చెడినచో మేలే. సగము చెడి, బల్లమీది పరీక్షలో నెగ్గి, నెలల తరబడి పనిచేసి, తుదకు ఆకాశమున మొరాయించునవి కలవు. అందుచేత కార్డును తాకుటకు ముందు మణికట్టునకు ఎర్తు పట్టీ కట్టుకొనుట మాకు భోజనమునకు ముందు చేయి కడుగుకొనుట వంటిది.

నేటి విమానములు తమ రోగమును చాలవఱకు తామే చెప్పుకొనును. ఫలానా కంప్యూటరులో దోషమని తెరపై వ్రాసి చూపును. దానిని చదివి పెట్టె మార్చినచో పని తీఱినదని క్రొత్తవారు భ్రమపడుదురు. కాని యంత్రము ఏడ్చినవానిని చూపునే గాని, కొట్టినవానిని చూపదు. పెట్టె ఏడ్చుచుండును, దోషము దానికి వచ్చు తీగలోనో, కనెక్టరులో వంగిన పిన్నులోనో యుండును.

ఇక మా తప్పొకటి చెప్పవలెను. 1991వ సంవత్సరపు వానకాలము. మాకప్పటికి ఉద్యోగమున నాలుగేండ్లు నిండినవి. ఒక విమానపు రెండవ రేడియోలో మాట సరిగా వినబడుట లేదని పైలట్లు లాగ్ బుక్కున వ్రాసిరి. ఆ రాత్రి మేము రేడియో నడిపి చూచితిమి. మాట స్పష్టముగా వినబడెను. ‘పరీక్షించితిమి, సర్వీసబుల్’ అని వ్రాసి సంతకము చేసితిమి. సర్వీసబుల్ అనగా వాడుకకు తగియున్నదని. నాలుగు దినముల పిమ్మట అదే ఫిర్యాదు. ఈసారి వేఱొక షిఫ్టువారు పెట్టెను మార్చిరి. మరల ఫిర్యాదు. మరల మా చేతికే వచ్చినది. మేము మరల నడిపి చూచి, మరల బాగుగా వినబడగా, మరల అదే మాట వ్రాసి సంతకము చేసితిమి.

మా షిఫ్టులో కోలారు ప్రాంతపు పెద్దాయన ఒకరుండిరి. కార్యాలయమున కన్నడమును, మాతో తెలుగును మాటలాడెడివారు. ఆయన పెట్టెవైపు పోలేదు. లాగ్ బుక్కు పాత పుటలు త్రిప్పుచు కూర్చుండిరి. మూడు వారములలో అయిదు ఫిర్యాదులు. అయిదును వానలో దిగిన దినములవే. పిమ్మట నిచ్చెన తెప్పింపక, విమానము పొట్టక్రిందికి మమ్ములను దూర్చి, అచ్చటనున్న యాంటెన్నాను విప్పించిరి. కనెక్టరులో పచ్చని చిలుము పట్టియుండెను. పగిలిన రబ్బరు చుట్టుగుండ నీరు చొచ్చెడిది. విమానము నిలిచి, ఆఱి, మా పరీక్షకు వచ్చునప్పటికి రేడియో చక్కగా పలికెడిది.

ఆయన కోపపడలేదు. మేము సంతకము చేసిన పుట చూపి ఇట్లనిరి: “ఏమప్పా, పరీక్ష చేసినావు, అది నిజమే. నీకు తప్పు కనపడలేదు, అదీ నిజమే. మరి ‘బాగుంది’ అని నీకెవరు చెప్పినారు? కనపడలేదు అంటే లేదు అని అర్థమా?”

మేము బదులు చెప్పలేకపోతిమి. విమానములో రేడియోలు ఒకటికన్న హెచ్చుగా నుండును గనుక ఆ తడవ ఎవ్వరికిని హాని కలుగలేదు. కాని మేము రెండుసార్లు సంతకము చేసినది చూడని దానికి. ‘పరీక్షించితిమి, దోషము కనబడలేదు, ఫిర్యాదు వానలోనే వచ్చుచున్నది, వెనుక షిఫ్టువారు చూడవలెను’ అని నాలుగు ముక్కలు వ్రాసియుండినచో తరువాతివానికి దారి దొరకెడిది. ‘సర్వీసబుల్’ అను ఒక్క మాటతో ఆ దారిని మేమే మూసితిమి. ఆ రాత్రి మొదలు మేము ‘కనబడలేదు’ అనుటను ‘లేదు’ అనుటతో కలుపలేదు.

ఈ భేదము మాటల గారడి కాదనుటకు లోకమెఱిగిన దృష్టాంతమున్నది. 2014 డిసెంబరు 28వ తేదీన ఇండోనేషియాలోని సురబయా నుండి సింగపూరునకు బయలుదేరిన ఎయిర్ ఏషియావారి ఏ320 విమానము సముద్రమున కూలెను. 162 మందిలో ఒక్కరును దక్కలేదు. దర్యాప్తు నివేదిక 2015 డిసెంబరులో వెలువడెను. తోకమీది చుక్కాని కదలికకు హద్దు విధించు పరికరములో నొక ఎలక్ట్రానిక్ కార్డున టంకపు అతుకు పగిలియుండెను. పగులు విచ్చుకొనినప్పుడు హెచ్చరిక వెలుగును, అతుకు తాకినప్పుడు ఆఱిపోవును. అంతకుముందు పండ్రెండు నెలలలో ఆ దోషము 23 మార్లు నమోదయినది. చివరి మూడు నెలలలో మరింత తఱచుగా వచ్చినది. ప్రతిసారియు ఏదో యొకటి చేసిరి, పరీక్షలో సరిగానున్నట్లు కనబడెను, విమానమును పంపిరి.

న్యాయముగా చెప్పవలెనన్న, ఆ పగులొక్కటే విమానమును కూల్చలేదు. ఆ హెచ్చరిక స్వయముగా ప్రాణాంతకమైనది కాదు. ఆ దినమున అది నాలుగుసార్లు వెలుగగా, విసిగి, గాలిలో నుండగనే సర్క్యూట్ బ్రేకరును లాగుట జరిగినది. అందుచేత ఆటోపైలటు తొలగినది. పిమ్మట పైలట్లు విమానమును అదుపుచేయలేకపోయిరి. అయినను మా వృత్తివారు ఆ నివేదికను చదివినపుడు ముందుగా కన్ను నిలుచునది ఆ 23 అను అంకెవద్దనే. ఒక్కొక్క సంతకము వెనుకను మావంటివాడే యొకడు రాత్రివేళ దీపము పట్టుకొని నిలిచి యుండును. ఒక్కడును అబద్ధమాడి యుండడు. ఇరువదిమూడు పుటలను ఒక్కచోట పెట్టి చూచినవాడు మాత్రము లేకపోయెను.

మా కొలువులో మఱియొక క్రమమున్నది. పని ముగియగనే పనిముట్లను లెక్కింపవలెను. ప్రతి పనిముట్టునకును పలకపై దాని ఆకారముగల చోటుండును. ఏ చోటు ఖాళీగానున్నను విమానము కదలరాదు. ఒకనాటి తెల్లవారుజామున మా పలకమీద వ్రేలెడు స్క్రూడ్రైవరు తల ఒకటి తక్కువయ్యెను. ప్రయాణికులు నిరీక్షించుచుండగా గంటన్నరసేపు నేలపలకలు లేపి వెదకితిమి. తుదకది మా చొక్కా చేతి మడతలోనే దొరకెను. అందఱును నవ్విరి. ఆలస్యమునకు మేము వివరణ వ్రాసి యిచ్చితిమి. పెద్దాయన మాత్రము, “దొరికేదాక అది నీ మడతలో ఉన్నా ఒకటే, విమానంలో ఉన్నా ఒకటే” అనిరి. తప్పు ఒప్పుకొనినవానిని నవ్వులపాలు చేయుదురే గాని శత్రువుగా చూడరను ధైర్యము మా షిఫ్టున నుండెడిది. అది లేనిచోట పనివాడు లెక్క సరిపోయినదని వ్రాసివేయును. కాబట్టి మీరు ఉద్యోగమునకు పోవునపుడు జీతముతోపాటు ఈ సంగతియు విచారింపుడు: ఇచ్చట తప్పు చెప్పినవాని గతి యేమి?

ఇక మన సంఘమునకు ముఖ్యమైన విషయము, భాష. “మా పిల్లవాడు కన్నడ మీడియములో చదివినాడు, ఇంట తెలుగు, ఇంగ్లీషు అంతంతమాత్రము, విమానపు పుస్తకములు వానికి అర్థమగునా” అని పెక్కుమంది తల్లిదండ్రులు మమ్ముల నడిగియున్నారు. ఆ భయము సహజమే. మాన్యువలులు ఇంగ్లీషులోనే యుండును. లాగ్ బుక్కున ఇంగ్లీషుననే వ్రాయవలెను. కాని అది కవుల ఇంగ్లీషు కాదు. ఇంగ్లీషు మాతృభాష కాని పనివారికొఱకు 1980 దశకమున ఐరోపా విమాన పరిశ్రమవారు సులభ సాంకేతికాంగ్లము నొకదానిని క్రమపఱచిరి. అందు ఒక మాటకు ఒకే అర్థము. ‘ఫాలో’ అనగా వెంట వచ్చుటయే. సూచనను పాటించుటకు ఆ మాట వాడరాదు, ‘ఒబే’ అనవలెను. పని చెప్పు వాక్యము 20 మాటలను మించరాదు. అట్టి భాషను మన పిల్లలు ఒకటి రెండు సంవత్సరముల కృషితో వశపఱచుకొనగలరు. మేమును అట్లే నేర్చితిమి.

అంతకన్న కష్టమైనది వేఱొకటి కలదు. హేంగరులో కన్నడము, తమిళము, మలయాళము, హిందీ, తెలుగు అన్నియు వినబడును. షిఫ్టు మాఱునపుడు ఒకరు నోటిమాటగా ‘అది అయిపోయినది’ అందురు. విప్పుట అయిపోయినదా, బిగించుట అయిపోయినదా? అందుచేత విన్నవాడు తాను విన్నదానిని తిరిగి చెప్పవలెనని మేము నియమము పెట్టుకొంటిమి. ఇంటనొక భాషను, వీధిలో నొక భాషను, బడిలో నొక భాషను మాటలాడి పెరిగిన మన పిల్లలకు ఒక మాట ఎదుటివానికి వేఱుగా వినబడవచ్చునను ఎఱుక చిన్ననాటినుండియే యుండును. దీనిని లోపమని యెంచవలదు. ఈ వృత్తిలో అది మూలధనము.

మఱియొక మాట. ఒక సర్క్యూటు తనకు అర్థమైనదా లేదా యని తెలిసికొనుటకు మేము చేసెడి పరీక్ష యిది: రాత్రి యింటికి వచ్చి దానిని మా తల్లిగారికి తెలుగులో చెప్పెడివారము. ఆమె బడికి పోయినది స్వల్పము. “అయితే ఆ నీళ్లు ఎటునుంచి వచ్చినాయి?” అని ఆమె యడిగినచోట మేము తడబడినచో, మాకును అది అర్థము కాలేదని తెలిసెడిది. ఇంగ్లీషు పదముల చాటున దాగుకొనుటకు మాతృభాషలో వీలులేదు.

ఈ వృత్తిలో ప్రవేశించు మార్గమును క్లుప్తముగా చెప్పెదము. మన దేశమున ప్రయాణికుల విమానముమీద పని పూర్తియైన పిమ్మట, ఇది ఎగురవచ్చునని ధ్రువపఱచు అధికారము డి.జి.సి.ఏ. వారి లైసెన్సు గలవారికే యుండును. ఏవియానిక్సుకు సంబంధించిన వర్గమునకు బి2 అని పేరు. పి.యు.సి.లో భౌతిక, రసాయన, గణిత శాస్త్రములు చదివినవారు దీనికి సిద్ధపడవచ్చును. పరీక్షాంశములలో ఎలక్ట్రానిక్సుతోపాటు చట్టమును, మనిషి ఎందుచేత పొరపడును అను విషయమును కూడ ఒక్కొక్క ప్రత్యేకాంశముగా నున్నవి. శిక్షణాలయమువారిచ్చు పట్టా లైసెన్సు కాదు. పరీక్షలు నెగ్గుటతోపాటు విమానముమీద చేసిన పని అనుభవమును చూపవలెను. పెద్ద మొత్తము ఫీజు కట్టుటకు ముందు ఆ శిక్షణాలయమునకు డి.జి.సి.ఏ. అనుమతి ఉన్నదో లేదో, ఏ వర్గమునకు ఉన్నదో స్వయముగా చూచుకొనుడు. కట్టిన పిమ్మట మమ్ముల నడుగ వచ్చిన తండ్రులను చూచి బాధపడియున్నాము. ఐ.టి.ఐ. ముగించి అప్రెంటిసుగా చేరుట, వైమానిక దళమున సాంకేతిక శాఖలో చేరుట వేఱు మార్గములు. బాలికలకును ఈ ద్వారములు తెఱచియే యున్నవి. పొట్టక్రింది యాంటెన్నాకు విప్పువారి చేయి ఎవరిదను పట్టింపు లేదు.

కష్టములు దాచము. రాత్రి షిఫ్టులు, పండుగనాడు కొలువు, ఎండలో కాలు లోహము, వానలో జాఱు నిచ్చెన, చెవులు హోరెత్తు ఇంజనుల ధ్వని. విమానము వేళకు బయలుదేరినచో ఎవ్వరును మిమ్ములను తలపరు. ఆలస్యమైనచో అందఱును తలతురు.

ఇందు చేరినను, చేరకున్నను, విద్యార్థులు మా మాట యొకటి జ్ఞాపకముంచుకొనుడు. చూచినదానిని చూచితినని వ్రాయుడు. చూడనిదానిని చూడలేదని వ్రాయుడు. సందేహమున్నచో సందేహమని వ్రాసి, అప్పుడు సంతకము చేయుడు. మీ తరువాత వచ్చువాడు ఆ పుటను నమ్మి చేయి పెట్టును. అతని వెనుక వచ్చు ప్రయాణికులు పుటను చూడకయే నమ్మి కూర్చుందురు.

ఆదివారములందు సంఘ గ్రంథాలయమున మేము కూర్చుందుము. విద్యుత్తు, రేడియో ప్రాథమిక పాఠములను తెలుగులో చెప్పుటకు మాకు అభ్యంతరము లేదు. వచ్చువారు ఒక నోటుపుస్తకము తెచ్చుకొనిన చాలును.